గొంతు బాగోలేదన్నాను

జూలై 7, సోమవారం

పాపారావు గారికి పాస్‌పోర్టు వచ్చింది. కవరు చింపకుండా, కైకలూరు రోడ్డు మీదున్న వాళ్ళ ఊరి నుంచి ఏలూరొచ్చి, అక్కడ ఇంకో బస్సెక్కి గూడెంలో మా ఇంటికి తెచ్చారు. "మీరే తియ్యండి రత్నంగారూ" అన్నారు. తీశాను. ఫొటోలో ఎవరో పట్టుకొచ్చి నిలబెట్టినట్టున్నారు. ఆ మాటే అంటే చాలాసేపు నవ్వారు. అరవై మూడేళ్ళొచ్చాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా హరికథకి మృదంగం ఆయనదే. విమానం తలెత్తి చూడ్డమే గాని ఎక్కింది లేదు. నేనూ అంతే.

ఆయన వెళ్ళాక హైదరాబాదు నుంచి విశ్వతేజ ఫోను. విదేశంలో జరిగే కథల ఉత్సవం వాళ్ళ తరఫున ఇక్కడి కళాకారుల ఏర్పాట్లు చూసేది ఈయనే. "చిన్న ఇబ్బంది వచ్చిందండీ. మీరేం కంగారు పడకండి. ఎవరైనా అడిగితే మాత్రం ఏమీ మాట్లాడకండి" అన్నాడు. ఇబ్బందేమిటంటే "పాలిటిక్స్ అండీ" అని పెట్టేశాడు.

ఆగస్టు 29 నుంచి పది రోజులు. నలభై దేశాల కథకులు ఒకచోట. యూరప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరు పలకడానికి నాకింకా నోరు తిరగట్లేదు. దానికోసం ఈ ఏడాది వినాయక చవితి పందిళ్ళన్నీ కాదన్నాను. పాపారావు గారు కూడా కాదన్నారు.

జూలై 8

ఉక్క. కరెంటు రెండుసార్లు పోయింది. సాధన చేయలేదు.

జూలై 12, శనివారం

రెండున్నర గంటల కథని నలభై నిమిషాలకి కుదించాలి. యుద్ధ ఘట్టం ఉంచేసి మిగతావి తగ్గిద్దామని పాపారావు గారు. అక్కడే ఆయన చేతికి పని. జనం కూడా అక్కడే లేచి కూర్చుంటారు.

స్టెల్లా ఏలూరు నుంచి పొద్దుటి ప్యాసింజరుకే వచ్చింది గాని వయొలిన్ పెట్టె తెరవలేదు. ఆరేళ్ళుగా నా పక్కన వాయిస్తోంది, ఎప్పుడూ ఆలస్యం చేసే పిల్ల కాదు. "ఒక మాట చెప్పాలమ్మా" అని ఫోను నా చేతిలో పెట్టింది.

ఉత్సవంలో పెద్ద వేదిక ఖర్చంతా ఈసారి ఒక దేశపు ప్రభుత్వం పెట్టుకుంటోందట. వేదిక మీద వాళ్ళ జెండా, వాళ్ళ పేరు. ఆ దేశం యుద్ధంలో ఉంది. అది తెలిసి పదకొండు మంది కథకులు మేము రామని రాసిచ్చేశారట. దేశం పేరు చూశాను. మా చెల్లెలు భాగ్యం ఉండే దేశం.

"ఆస్పత్రుల మీద కూడా వేస్తున్నారమ్మా బాంబులు. ఆ జెండా కింద కూర్చుని నేను వాయించలేను" అంది స్టెల్లా.

"ఎక్కడ కూర్చున్నా మనం చెప్పేది మన కథే కదమ్మా" అన్నారు పాపారావు గారు. "పోయినేడు ఆ చేపల చెరువులాయన పందిరేయిస్తే వాయించాం. ఆయన మంచివాడా, కాడా అని అడిగామా?"

"అడగాల్సిందేమోనండీ."

ఇద్దరూ గట్టిగా ఏమీ అనుకోలేదు. అదే నాకు కష్టంగా ఉంది. దెబ్బలాడుకుంటే సర్దిచెప్పేదాన్ని. ఇద్దరూ నావైపు చూశారు. చూద్దాం అన్నాను. స్టెల్లా వయొలిన్ తియ్యకుండానే వెళ్ళిపోయింది.

జూలై 15, మంగళవారం

భాగ్యం వీడియో కాల్ చేసింది. అక్కడ అది చూసుకునే ముసలావిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళకి చేస్తుంది ఎప్పుడూ. మా చెల్లెలు ఆ దేశం వెళ్ళి ఏడేళ్ళు. ఎనభై ఎనిమిదేళ్ళ ఆవిడకి స్నానం, తిండి, మందులు అన్నీ ఇదే. ఇది 'అవ్వా' అంటే ఆవిడ పలుకుతుంది.

నిన్న మూడుసార్లు సైరన్ మోగిందట. మోగగానే అవ్వని చక్రాల కుర్చీలోంచి ఎత్తుకుని మెట్లు దిగి నేలమాళిగలో కూర్చోవాలి. "నడుము పట్టేసింది అక్కా" అంది. ఉత్సవం సంగతి చెప్పాను. రామన్న కథకులు నన్నూ సంతకం పెట్టమంటున్నారని కూడా.

ముసలావిడ లేచిందేమో అని ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత, "మాకు సైరనైనా ఉంది. అవతల వాళ్ళకి అదీ లేదంట. అవ్వ మనవరాలు చెప్పింది, ఏడుస్తూ. మనవడేమో సైన్యంలో ఉన్నాడు. ఈ ఇంట్లో వాళ్ళే ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవట్లేదు" అంది.

"నన్నేం చెయ్యమంటావే?"

"నీ ఇష్టం అక్కా. ఆగస్టులో నా వీసా రెన్యువల్. నా పేరు మాత్రం ఎక్కడా రానీకు."

అదీ సంగతి. చెల్లెలి పొట్ట కొట్టి నేను సంతకం పెట్టను. ఎవరు మాత్రం పెడతారు?

జూలై 19, శనివారం

పేపర్లో నా ఫొటో వేశారు, చిడతలు పట్టుకుని ఉన్నది. గూడెం భాగవతారిణికి అరుదైన గౌరవం అని. కింద పెట్టెలో ఉత్సవం గొడవ గురించి నాలుగు ముక్కలు. పొద్దున్నుంచి ఫోన్లు. తణుకు నుంచి ఒక లెక్చరర్ గారు, మీలాంటి వారు వెళ్ళకూడదండీ అని ఎంతో మర్యాదగా అరగంట చెప్పారు. ఆయన పెట్టేశాక ఇంకొకాయన, ఎవరి మాటా వినకుండా వెళ్ళి రండమ్మా, దేశం పరువు అన్నాడు. ఇద్దరికీ సరేనండీ అన్నాను. ఏలూరు నుంచి ఒకావిడ సంతకం కాగితం వాట్సాప్‌లో పంపింది. ఫేస్‌బుక్‌లో ఎవరో, రక్తం మడుగులో గజ్జె కట్టే కళాకారిణి అని రాశారట. పక్కింటావిడ చదివి వినిపించింది. అయ్యో అంటూనే మొత్తం చదివింది.

కథ చెప్పుకుని బతికేదాన్ని. నన్నెందుకు లాగుతారు ఇందులోకి?

జూలై 20

నేనెవరికీ ఏ అపకారం చేయలేదు.

జూలై 24, గురువారం

ఏలూరు వెళ్ళి గొంతు డాక్టరుకి చూపించుకున్నాను. నాలుగు రోజులుగా కాస్త బొంగురుగా ఉంటోంది. గొట్టంలాంటిది పెట్టి చూశారు. విశ్రాంతి ఇస్తే మంచిదన్నారు. విశ్రాంతి అంటే పాడకూడదనే కదా అర్థం.

బస్టాండులో కూర్చుని విశ్వతేజకి ఫోన్ చేశాను. అయ్యో అన్నాడు. అన్నాడే గాని గొంతులో ఏదో తేలికపడినట్టు తెలిసింది. మరో గొడవ తప్పిందనుకున్నాడేమో. మెడికల్ సర్టిఫికెట్ కూడా అడగలేదు.

జూలై 25

పాపారావు గారికి చెప్పాను. గొంతులో కాయలున్నాయన్నాను. డాక్టరు దగ్గర వరండాలో నా పక్కన కూర్చున్నావిడకి ఉన్నాయట కాయలు. ఆ మాటే నోట్లోకి వచ్చేసింది.

 

"గొంతు ముఖ్యమండీ. ఊళ్ళెక్కడికి పోతాయి" అన్నారు.

ఎవరికీ కష్టం లేకుండా అయిపోయింది. భాగ్యానికి ఇబ్బంది లేదు. స్టెల్లాకి ఇబ్బంది లేదు. ఆ లెక్చరర్ గారికీ లేదు.

ఆగస్టు 4, సోమవారం

పాపారావు గారు మళ్ళీ వచ్చారు. వారంలో ఇది మూడోసారి. అతిమధురం, మిరియాలు, పటికబెల్లం పొట్లాలు కట్టించి తెచ్చారు. కైకలూరులో ఎవరో ఆయుర్వేదం ఆయన చెప్పాడట. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపారు. సంచిలోంచి పలక, బలపం తీసి నా ముందు పెట్టారు. "నలభై రోజులు మాట కూడా వద్దన్నాడండీ ఆయన. ఏం కావాలన్నా దీని మీద రాయండి."

పలక మీద 'టీ తాగుతారా' అని రాశాను. ఇంకేం రాయను?

టీ తాగుతూ ఆయనే మాట్లాడారు. ఊళ్ళో గుర్రపుడెక్క కాలవకి అడ్డం పడి నీళ్ళు వెనక్కి తంతున్నాయని, గూడబాతులు ఈసారి ఎక్కువ దిగాయని. పాస్‌పోర్టు ఊరంతా అడిగి మరీ చూశారట. "ఇప్పుడు బీరువాలో పెట్టేశానండి. పదేళ్ళు పనిచేస్తుందంట కదా. పదేళ్ళలో మీ గొంతు బాగుపడదా ఏంటి?"

'బాగుపడుతుంది' అని రాశాను.

ఆగస్టు 9

గొంతు నిజంగానే బరువుగా ఉంది. పాడక పదహారు రోజులు. పాడకపోయినా పాడవుతుందేమో.

పక్కింటావిడతో కూడా సైగలే. అలవాటైపోతోంది.

ఆగస్టు 12, మంగళవారం

స్టెల్లా వచ్చింది. ఫోనులో రెండు చూపించింది. ఉత్సవం వాళ్ళ పేజీలో, భారతదేశం నుంచి రావలసిన కథకురాలు అనారోగ్యం వల్ల రావడం లేదు, త్వరగా కోలుకోవాలని కోరుతున్నాం అని ఉంది. రామని చెప్పేసినవాళ్ళ జాబితా ముప్ఫై నాలుగుకి పెరిగింది. అందులోనూ నా పేరుంది. ఎవరు చేర్చారో.

"రెండు చోట్లా ఉన్నారమ్మా మీరు. నేనేది నమ్మాలి?"

గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాను.

నా మొహం చూస్తూ కూర్చుంది. చదువుకున్న పిల్ల, స్వరం తెలిసిన పిల్ల. "నేను రానని చెప్పడం తేలికనుకున్నారేమో. నేను పాఠాలు చెప్పే స్కూల్లో హెడ్మాస్టరు గారు పిలిచి అడిగారు. మా నాన్న వారం రోజులు మాట్లాడలేదు" అంది. తర్వాత "సరేనమ్మా, ఒంట్లో జాగ్రత్త" అని లేచింది. టీ పెడుతున్నాను, ఆగలేదు.

తెలిసిపోయిందేమో.

తెలిసి ఉండదులే.

ఆగస్టు 16, శనివారం

విశ్వతేజ ఫోన్ చేశాడు. పరామర్శకి. "మాట్లాడకండి, వినండి చాలు" అంటూనే చాలా మాట్లాడాడు. చివర్లో అన్నాడు.

"మీ పాపారావు గారు భలే మనిషండీ. మీకు బదులు రాజమండ్రి భాగవతారిణి గారిని పంపుతున్నాం కదా. ఆవిడ మృదంగం ఆయనకి పాస్‌పోర్టు లేదు. పాపారావు గారి టికెట్టు అలాగే ఉంది, మీరు రండి అని నేనే నాలుగుసార్లు అడిగాను. రానంటే రానన్నారు. రత్నంగారి గొంతు అలా ఉంటే నేను విమానం ఎక్కి ఊరేగనా అన్నారు. మీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు.

ఆ టికెట్టు ఇంకెవరికో ఇచ్చేశారట మొన్ననే.

ఆగస్టు 17

ఏలూరు డాక్టరు గారు అన్న మాట ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను. "గొంతు శుభ్రంగా ఉందమ్మా. ఈ వయసుకి ఇంత బాగుండటం అరుదు. అలిసిపోయినట్టున్నారు, రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి చాలు."

రెండు రోజులు.

ఆగస్టు 18, సోమవారం

పాపారావు గారి ఊరు వెళ్ళాను. ఏలూరులో బస్సు మారి, కొల్లేరు మీదుగా. రోడ్డుకి రెండు వైపులా చెరువులే, నీళ్ళని చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. మేత బస్తాల లారీ ఒకటి గట్టు మీద దిగబడి బస్సు ముప్పావుగంట ఆగిపోయింది. దిగి వెనక్కి వెళ్ళిపోదామని కూడా అనుకున్నాను. వెనక్కి వెళ్ళే బస్సు కూడా ఆ లారీ అవతలే ఉంది.

ఆయన అరుగు మీద కూర్చుని మృదంగం వార్లు బిగించుకుంటున్నారు. నన్ను చూసి కంగారుపడి లేచారు. "ఈ ఎండలో ఎందుకొచ్చారండీ, కబురు చేస్తే నేనే వద్దును కదా." పలక కోసం నా సంచి వైపు చూశారు.

"పాపారావు గారూ, కూర్చోండి" అన్నాను.

మొహం విప్పారింది. అది ఎన్నాళ్ళైనా మర్చిపోలేను. "వచ్చేసిందే గొంతు! మునుపటిలాగే ఉందండీ. నేను చెప్పలేదూ, ఆయన మందు మంచిదని" అంటూ లోపలున్న భార్యని పిలవబోయారు. ఆపాను.

"గొంతు పోలేదండీ. ఎప్పుడూ పోలేదు. కాయలూ లేవు, ఏమీ లేవు. వెళ్ళడం ఇష్టంలేక అలా చెప్పాను."

మృదంగం మీద చెయ్యి అలాగే ఉంది. ఏమంటారో అని చూస్తున్నాను.  లోపల కుక్కరు కూత వేసింది. రెండోది కూడా వేసింది.

"ఇష్టం లేదని నాతో అంటే సరిపోయేది కదండీ" అన్నారు చివరికి.

"మీకు వెళ్ళాలని ఉంది కదా. మీ ఆశ నా నోటితో కాదనలేకపోయాను."

"అందుకని పలక మీద రాశారా?"

సంచిని నా వెనక్కి జరుపుకున్నాను.

"అందరం మానేద్దాం అంటే మానేసేవాణ్ణి. మీరు వెళ్ళండి, నేను రాను అని ఉంటే ఆలోచించుకునేవాణ్ణి. వెళ్ళేవాణ్ణేమో, వెళ్ళకపోదునేమో. అది నేను తేల్చుకోవాలి కదండీ. స్టెల్లా నా కళ్ళల్లోకి చూసి రానని చెప్పింది. కోపం వచ్చింది నాకు, రెండు రోజుల్లో పోయింది. ఇది అలా పోయేట్టు లేదండీ."

మాట పెంచలేదు. అదే మెత్తటి గొంతు. భాగ్యం సంగతి చెప్పబోయాను, వీసా, సైరన్లు అన్నీ. "ఆవిణ్ణి ఎందుకండీ ఇప్పుడు" అన్నారు.

వాళ్ళావిడ భోజనం చెయ్యమంది. కొరమేను పులుసు పెట్టింది. ఏమీ తెలియదు ఆవిడకి, గొంతు బాగుపడిందని దేవుడికి దండం పెట్టింది. పాపారావు గారు సరిచెయ్యలేదు. తలవంచుకుని అన్నం తిన్నారు. ఆ తర్వాత మోపెడ్ మీద బస్టాపు దాకా దింపారు.  బస్సు వచ్చే దాకా పక్కనే నిలబడ్డారు గాని, అది కదలకముందే వెళ్ళిపోయారు.

ఆగస్టు 19

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 21, గురువారం

భాగ్యానికి అంతా చెప్పాను. నీ కోసమే చేశాను అన్నాను. వీసా అన్నావు కదా అని.

"నన్ను అడ్డం పెట్టుకోకు అక్కా" అంది. కోపంగా కూడా కాదు. అవ్వకి గోళ్ళు తీస్తోంది, ఫోను ఎక్కడో ఆనించి. "నా పేరు రానీకు అన్నాను. నీ నోరు నొక్కుకో అనలేదు. నేను ఈవిణ్ణి ఎత్తుకుని దిగుతాను, ఆ సంగతి వేరు. ఈవిడ నాకు అమ్మలాంటిది. దాని కోసం బయట జరిగేది మంచిదని నేనెక్కడా అనక్కర్లేదు, నువ్వూ అనక్కర్లేదు. నీకు భయం వేసింది. అదే చెప్పు."

"ఎవరంటే భయం?"

"అందరూ అంటే. చిన్నప్పట్నుంచీ అంతేగా నువ్వు."

నా కంటే పన్నెండేళ్ళు చిన్నది. వీసా ఇంకా రాలేదట.

ఆగస్టు 27, బుధవారం. వినాయక చవితి

ఊహ తెలిశాక చవితికి పందిరెక్కకుండా ఇంట్లో కూర్చోవడం ఇదే. మూడు వీధుల మైకులు ఒకేసారి వినిపిస్తున్నాయి. పత్రి పెట్టి నేనొక్కదాన్నే పూజ చేసుకున్నాను. ఉండ్రాళ్ళు కుదరలేదు.

ఉత్సవం వాళ్ళకి ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మొదటి మూడింట్లో సంజాయిషీ ఎక్కువైంది. నాలుగోది ఇది:

"నా గొంతు బాగానే ఉంది. అనారోగ్యం అని నేను చెప్పింది నిజం కాదు. యుద్ధం చేస్తున్న ప్రభుత్వం జెండా కింద నిలబడి కథ చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ మాట అప్పుడే చెప్పడానికి ధైర్యం చాలలేదు. నా మృదంగ విద్వాంసుడు పాపారావు గారికి ఈ అబద్ధంలో భాగం లేదు. ఆయనకి రావలసిన అవకాశం నా వల్ల పోయింది."

స్టెల్లాకి ఫోన్ చేసి చదివాను. ఇంగ్లీషులోకి రాసి పంపమన్నాను. చివరి రెండు వాక్యాలు ఇంకోసారి చదవమంది. చదివాను. "ఉంచుదామమ్మా" అంది. ఇంకేమీ అడగలేదు. సాయంత్రం పంపేశానని మెసేజ్ పెట్టింది.

సెప్టెంబరు 3, బుధవారం

ఉత్సవం వాళ్ళ నుంచి జవాబు. మీ ఉత్తరం అందింది, మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం అని. ఇంతే. వాళ్ళ పేజీలో నేనింకా కోలుకుంటూనే ఉన్నాను.

విశ్వతేజ మాత్రం ఫోన్ చేసి, "ఇప్పుడెందుకండీ ఇది, అయిపోయిన దానికి" అన్నాడు. ఇకమీద నన్ను పిలవడు. పిలవక్కర్లేదు కూడా. రాజమండ్రి ఆవిడ కథ బాగా జరిగిందట, లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. మృదంగం లేకుండానే.

భాగ్యం వీసా వచ్చింది, మరో ఏడాదికి.

ఈ రోజు అరగంట సాధన చేశాను. పైస్థాయి అందలేదు. నెల పైన మూసి పెట్టాను కదా.

సెప్టెంబరు 14, ఆదివారం

పది గంటల వేళ గేటు చప్పుడైతే పాల బాకీకి వచ్చిన మనిషేమో అనుకున్నాను. పాపారావు గారు. చేతిలో సంచీ లేదు, మృదంగం లేదు. నేను వాళ్ళ ఊరు వెళ్ళొచ్చాక ఇదే రావడం. ఫోను కూడా లేదు ఇన్నాళ్ళూ.

కుర్చీ వేశాను. కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాక అన్నారు.

"రాజమండ్రి ఆవిడ కబురు చేశారండీ. దసరాకి తొమ్మిది రోజులూ ఆవిడకి కార్యక్రమాలున్నాయంట, ముదినేపల్లి, గుడివాడ అటంతా. వాయించమన్నారు. ఇంకా మాటివ్వలేదు. ముందు మీతో చెప్పి ఇద్దామని వచ్చాను."

ఈ మాట చెప్పడానికి రెండు బస్సులు మారి వచ్చారు. ఫోనులో అయిపోయేది.

"ఒప్పుకోండి" అన్నాను. "ఆవిడ నడక వేగంగా ఉంటుందని విన్నాను. మీకు సరదాగానే ఉంటుంది."

"అలాగే అంటున్నారండీ."

 గొంతెలా ఉందని ఆయన అడగలేదు. లేచి నిలబడ్డాక నేనే అడిగాను. "కార్తీకంలో మన కథలకి?"

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నారు. "కార్తీకం ఇంకా దూరం ఉంది కదండీ" అన్నారు.

గేటు దాకా వెళ్ళాను. ఆయన వీధి మలుపు తిరిగే దాకా నిలబడి, గేటు వేసి వచ్చి ఇది రాస్తున్నాను. దూరం ఉందన్నారు. రానని మాత్రం అనలేదు.